నయాపుల్ అవతలి పేరు

(సంఘం వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఉర్దూలో మాట్లాడాలా, తెలుగులో మాట్లాడాలా అని కార్యదర్శిగారిని అడిగాను. "మీరు తెలుగు టీచరు కదా ఆపా, మన సంచికలో తెలుగు పేజీలు తక్కువ పడుతున్నాయి, తెలుగులోనే కానివ్వండి" అన్నారు. నల్గొండ జిల్లాలో పుట్టి పెరిగినదాన్ని కాబట్టి నాకూ ఇదే సుఖం.

రెండు నెలలుగా కమిటీలో నడుస్తున్న చర్చ మీకందరికీ తెలిసిందే. షాలిబండలో మనం నడుపుతున్న ఆడపిల్లల చదువు కేంద్రాన్ని అక్కణ్నుంచి తీసి అత్తాపూర్ వైపు పెట్టాలని ప్రతిపాదన వచ్చింది. కారణాలు మూడు చెప్పారు. దాతలు పాతబస్తీలోకి వచ్చి చూడటానికి ఇష్టపడటం లేదు. లెక్కలు, ఇంగ్లీషు బాగా చెప్పే టీచర్లు సాయంత్రం పూట నయాపుల్ దాటి రామంటున్నారు. మూడోది, మంచి ఏరియాలో చదివారంటే పిల్లలకు కూడా మంచి పేరు వస్తుంది. మొదటి రెండు కారణాలకు నా దగ్గర పెద్దగా జవాబు లేదు. మూడోదాని గురించే ఇవాళ మాట్లాడతాను.

మన కేంద్రంలో చదువుకుని బి.కాం. పూర్తి చేసిన ఒక అమ్మాయి పోయినేడు మాదాపూర్‌లో ఉద్యోగానికి దరఖాస్తు పెట్టింది. తప్పులు చూసిపెట్టమని కాగితం నా దగ్గరికి తెచ్చింది. చిరునామా చోట మెహదీపట్నంలో వాళ్ల మామూ ఇంటి నంబరు ఉంది. ఇదేమిటమ్మా అన్నాను. "టీచర్, షాలిబండ అని రాస్తే టైముకు ఎట్లా వస్తావని అడుగుతారు, తర్వాత అక్కడ గొడవలు అవుతాయా అని అడుగుతారు. అకౌంట్స్ గురించి అడిగేసరికి ఇంటర్వ్యూ అయిపోతుంది" అంది. నేను ఆ చిరునామా కొట్టేయలేదు. కొట్టేయమని చెప్పే ధైర్యం నాకు రాలేదు, ఎందుకంటే అంతకు ముందు ఏడాదే మా అబ్బాయి చదువు అప్పు కోసం ఒక బ్యాంకుకు వెళ్తే, కాగితాలన్నీ చూసిన ఆఫీసరు పిన్‌కోడ్ దగ్గర ఆగిపోయాడు. మాటలో మర్యాదగానే ఉన్నాడు. "మీ ఏరియాకు మా బ్రాంచి ఇవ్వదు మేడమ్" అన్నాడు. ఇరవై ఏళ్లకు పైగా జీతం తీసుకుంటున్న టీచరుకే ఆ జవాబు.

ఈ పేరు ఎక్కడిది, ఇందులో నిజమెంత అన్నది పిల్లలతోనే అడిగించాలనుకున్నాను. తొమ్మిదో తరగతికి ముఖాముఖి రాయడం ఎలాగూ నేర్పాలి. ఒక్కొక్కరు ఇద్దరిని కలవాలన్నాను. ఒకరు ఇక్కడే పుట్టి ముసలివాళ్లైన వాళ్లు, ఇంకొకరు పదేళ్ల లోపు వచ్చినవాళ్లు. బయటివాళ్లు మన బస్తీని ఏమంటారు, ఆ మాట నిజమేనా అని అడగాలి. చెప్పింది చెప్పినట్టు రాసుకు రమ్మన్నాను. నోటుపుస్తకాలు నా దగ్గరున్నాయి. అక్షర దోషాల సంగతి తర్వాత చూసుకుందాం.

పాతవాళ్ల జవాబులు దాదాపు అన్నీ ఒకేలా మొదలయ్యాయి: "అసలు హైదరాబాదు ఇదే." అందులో గర్వం ఉంది గానీ అబద్ధం లేదు. పురానాపుల్ 1578 నాటిది, చార్మినార్ 1591 నాటిది. ఒకప్పుడు ఈ ఊరిని అందరూన్ బల్దా, బైరూన్ బల్దా అని రెండుగా రాసేవాళ్లు. బల్దా అంటే నగరం; మనం ఇప్పటికీ మునిసిపాలిటీని బల్దియా అంటున్నాం కదా, ఆ మాటే. గోడ లోపలిది, గోడ బయటిది అని అర్థం. అంటే అప్పుడు లెక్క మన వైపు నుంచి మొదలయ్యేది. ఆ గోడకున్న దర్వాజాల్లో ఇప్పుడు మిగిలినవి పురానాపుల్ దగ్గరిదీ, దబీర్‌పురాదీ. గోడ పోయింది గానీ లోపల, బయట అన్నది పోలేదు, తిరగబడింది అంతే.

ఎలా తిరగబడింది? 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగింది. పదిహేను వేల మంది దాకా పోయారని చెబుతారు. ఆ తర్వాత 1912లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు వచ్చింది. పత్తర్‌గట్టీలో ఆ రాతి కమానుల వరస ఆ బోర్డు కట్టించిందే. హైకోర్టు, సిటీ కాలేజీ నదికి మన పక్కనే లేచాయి. కానీ ఏడో నిజాం నివాసం పురానీ హవేలీలో కాదు, నదికి అవతల కింగ్ కోఠీలో. యూనివర్సిటీ అటే, 1956 తర్వాత కొత్త కాలనీలూ ఆఫీసులూ అటే. 1948, 49లలో సంస్థానం పోయి, జాగీర్లు రద్దయి, ఆ కొలువుల మీద బతికిన ఇళ్లు ఇక్కడ ఒక్కసారిగా చతికిలబడ్డాయి. డెబ్భైల నుంచి గల్ఫ్ డబ్బు వచ్చి కొన్ని లేచాయి. 1998లో మాదాపూర్‌లో సైబర్ టవర్స్ తెరిచారు. అదే ఏడు నేను పెళ్లయి షాలిబండకు వచ్చాను. మా నాన్నగారు బంధువులకు చెప్పుకునేటప్పుడు "అమ్మాయిని హైదరాబాదు ఇచ్చాం" అనేవారు. హైదరాబాదులో ఎక్కడ అంటే చార్మినార్ దగ్గర అనేవారు. షాలిబండ అనేవారు కాదు.

మా అత్తగారి వంటింట్లో పైఅరలో ఒక పెద్ద రేకు డబ్బా ఉండేది. అందులో గోధుమ పిండి, కందిపప్పు, పాలపొడి, చక్కెర, అగ్గిపెట్టెలు. పక్కన కిరసనాయిలు క్యాను. దాన్ని ఎవరూ ముట్టకూడదు. ఒకరోజు చక్కెర అయిపోతే నేను అందులోంచి తీశాను. మా అత్తగారు కోప్పడలేదు, సాయంత్రానికి మళ్లీ నింపించారు. అది కర్ఫ్యూ డబ్బా అని మా వదిన చెప్పింది. 1978 నుంచి 1990 దాకా ఆ ఇల్లు ఎన్ని కర్ఫ్యూలు చూసిందో లెక్క లేదట. 1990 డిసెంబరు తర్వాత పెద్దది రాలేదు, అయినా డబ్బా మాత్రం దిగలేదు. ఆవిడ 2011లో పోయేదాకా అది నిండుగానే ఉంది. పిల్లల నోటుపుస్తకాల్లో పాతవాళ్ల మాట చార్మినార్ దగ్గర మొదలై చివరికి ఈ డబ్బా దగ్గరికే చేరింది. ఒక తాత, లాడ్ బజారులో గాజుల దుకాణం ఉన్నాయన, "నాలుగు వందల ఏళ్ల పేరు బేటా, పన్నెండేళ్లలో పోయింది" అన్నాడని రాసింది ఒక పిల్ల.

గౌలిపురలో ఒక పెద్దమ్మ చెప్పింది ఇంకో రకం. ఆ గొడవల తర్వాత ఆవిడ మరుదులు ఇద్దరూ ఇళ్లు అమ్ముకుని దిల్‌సుఖ్‌నగర్ వెళ్లారు. ఆవిడ వెళ్లలేదు. "పండగకొస్తే అడుగుతరు, ఆడెట్లుంటున్నవ్ అక్కా, భయం గాదా అని. బోనాలకు మాత్రం నా ఇంట్లనే దిగుతరు. ఆ పూట భయం ఎటు పోతదో!" ఈ వాక్యం రాసుకొచ్చిన పిల్ల పేరు రుబీనా అనుకుందాం, అసలు పేరు చెప్తే సిగ్గుపడుతుంది. గౌలిపురలో తెలుగు ఇల్లు ఉందని దానికి అప్పటిదాకా తెలీదు. మనవైపు నాగులచింత ఉంది, ఉప్పుగూడ ఉంది, చాంద్రాయణగుట్ట ఉంది. లాల్ దర్వాజా బోనాలు ఉన్నాయి. మొహర్రం పదో రోజు బీబీకా ఆలం ఏనుగు మీద వెళ్తుంది, బోనాల ఊరేగింపూ ఏనుగు మీదే వెళ్తుంది. జూపార్కు ఏనుగు రజని కొన్నేళ్లపాటు రెండింటిలోనూ నడిచింది. ఈ ఊళ్ల పేర్లకు అర్థాలు చెప్పమంటే నా క్లాసులో సగం మంది ఇప్పటికీ తెల్లమొహం వేస్తారు. అది నా తప్పే, తెలుగు టీచరుగా ముందే చెప్పాల్సింది.

ఇక కొత్తవాళ్లు. నాకు ఆశ్చర్యం కలిగించింది వీళ్లే. పాలమూరు నుంచి వచ్చిన మేస్త్రీ, బీదర్ నుంచి వచ్చిన దర్జీ, ఖమ్మం నుంచి వచ్చి పేట్లబుర్జు ప్రసూతి ఆస్పత్రిలో పనిచేస్తూ లాల్ దర్వాజాలో అద్దెకుంటున్న నర్సు. అందరూ వచ్చేటప్పుడు భయపడే వచ్చారు. నర్సమ్మకు మొదటి నెల వాళ్ల అన్న రోజూ రాత్రి ఫోన్ చేసి తలుపు గడియ పెట్టావా అని అడిగేవాడట. ఇప్పుడు రెండో షిఫ్టు అయ్యాక పదకొండు గంటలకు నడిచి ఇంటికెళ్తుంది. "రాత్రి పన్నెండింటి దాకా దుకాణాలు తెరిచే ఉంటాయి, గల్లీలో మనుషులుంటారు. మా ఊళ్లో ఎనిమిది దాటితే కుక్కలే" అంది. దర్జీ అద్దె మాట చెప్పాడు. ఊరవతల రెండుచోట్ల ఇల్లు చూపించారట, అడ్వాన్సు మాట్లాడుకున్నారట, పేరు చెప్పగానే ఇల్లు అప్పటికే ఎవరికో ఇచ్చేశామన్నారట. ఇక్కడ పేరు అడిగాకే ఇల్లు ఇచ్చారు.

కానీ కొత్తవాళ్లు మనల్ని పొగిడి వదిలెయ్యలేదు. వాళ్ల ఫిర్యాదుల పట్టీ పొడుగ్గానే ఉంది. అందులో గొడవలు, కర్ఫ్యూ ఎక్కడా లేవు. నల్లా నీళ్లు వేళాపాళా లేకుండా వస్తాయి. మోరీ పొంగితే వారం దాకా ఎవరూ రారు. షాదీఖానాల్లో రాత్రి రెండింటి దాకా పాటలు, పొద్దున పిల్లలు బడిలో నిద్రపోతారు. లైసెన్సు లేని పదమూడేళ్ల పిల్లలు ముగ్గురేసి బండెక్కి తిరుగుతారు. రోజు వడ్డీకి అప్పిచ్చేవాళ్లు ఇంటిముందు నిలబడి అరుస్తారు. పాలమూరు మేస్త్రీ భార్య అన్నమాట చదువుతాను: "ఈడి మనుషులు మంచోళ్లే. గని ఎవ్వలూ అడగరు. నీళ్లు రాకపోతే ఏళ్లకేళ్లు గట్లనే ఉంటరు."

ఇది చదివాక చాలాసేపు ఆలోచించాను. బయటివాళ్లు మనల్ని దేనికి తప్పుపడుతున్నారో దానికీ, లోపలికొచ్చి బతుకుతున్నవాళ్లు దేనికి తప్పుపడుతున్నారో దానికీ పొత్తు లేదు. బయటివాళ్ల భయం ముప్పై అయిదేళ్ల కిందటిది. ఆ భయానికి జవాబు చెప్పడంలోనే మనకు సరిపోతోంది. తహజీబ్ అంటాం, బిర్యానీ అంటాం, హలీమ్‌కు 2010లో జీఐ గుర్తింపు వచ్చిందంటాం, చౌమహల్లాకు అదే ఏడు యునెస్కో అవార్డు వచ్చిందంటాం. అన్నీ నిజమే. మేస్త్రీ భార్యకు మాత్రం జవాబు లేదు.

ఇంకో మాట కూడా చెప్పాలి. ఈ వేదిక మీద ఎందుకు అని కొందరికి అనిపించవచ్చు. లక్కగాజులకు 2024లో జీఐ వచ్చింది, మనమంతా సంతోషించాం, నేను మా బడి నోటీసుబోర్డు మీద కూడా రాయించాను. అవే గాజుల కార్ఖానాల్లోంచి 2015 జనవరిలో పోలీసులు బీహారు నుంచి తెచ్చిన 200కు పైగా పిల్లల్ని బయటికి తీశారు. ఆ కార్ఖానాలు ఎవరి ఇళ్లలో ఉన్నాయి? మన ఇళ్లలోనే, అద్దెకిచ్చి. పక్క గదిలో పిల్లవాడు పొద్దున్నించి రాత్రిదాకా గాజుకు అద్దాలు అతికిస్తుంటే మనం వినలేదా? అలాగే 1991లో ఒక చిన్నపిల్లను ముసలి షేక్‌కు నిఖా చేసి విమానం ఎక్కిస్తే, ఆ పిల్ల ఏడుస్తుంటే విమానంలో ఉద్యోగిని చూసి ఆపించింది. దేశమంతా రాశారు. 2017లో మళ్లీ అరెస్టులయ్యాయి. పత్రికలవాళ్లు మన బస్తీని బద్‌నాం చేశారని అప్పుడు మన పెద్దలు కొందరు కోప్పడ్డారు. పత్రికలు రాయకపోతే ఆగేదా అని నేను ఇంట్లో అడిగితే మా ఆయన పేపరు మడిచి పక్కన పెట్టారు. ఇప్పుడు అలాంటివి తగ్గాయి, అల్‌హందులిల్లాహ్. తగ్గడానికి మన చదువు కేంద్రం లాంటివి ఒక కారణమని నేను నమ్ముతాను. పది దాటి ఇంటర్‌లో ఉన్న పిల్లకు సంబంధం తేవాలంటే దళారీ కాస్త జంకుతాడు.

బస్తీ వదిలి వెళ్లినవాళ్ల గురించి కూడా రెండు మాటలు. ఇక్కడ పుట్టి టోలీచౌకీలో, బంజారాహిల్స్‌లో ఇళ్లు కట్టుకున్నవాళ్లు ఈ సభలోనూ ఉన్నారు, నొచ్చుకోకండి. మీరు రంజాన్‌లో పిల్లల్ని తీసుకుని వస్తారు. మదీనా దగ్గర హలీమ్ తింటారు, లాడ్ బజారులో బేరం చేస్తారు, చార్మినార్ ముందు ఫొటో దిగుతారు. మా రోజుల్లో ఎంత బాగుండేదో అంటారు. బాగుంటే ఎందుకు వెళ్లారు అని నేను అడగను, ఎందుకంటే మా మరిది కూడా వెళ్లాడు, పిల్లల చదువులకే వెళ్లాడు. పండగ నెలలో కనిపించే బస్తీకి, తక్కిన పదకొండు నెలల బస్తీకి తేడా ఉంది. దాతలుగా మీ జ్ఞాపకంలో ఉన్నది మొదటిది, పత్రికల్లో చదివేది మరొకటి. మేమున్నది రెండూ కాని దానిలో.

మెట్రో సంగతి వచ్చినప్పుడు పాతవాళ్లూ కొత్తవాళ్లూ ఎలా విడిపోయారో చూడండి. జూబ్లీ బస్‌స్టేషన్ నుంచి ఫలక్‌నుమా దాకా అని మొదట అనుకున్న లైను 2020 ఫిబ్రవరిలో ఎంజీబీఎస్ దగ్గరే ఆగిపోయింది. నది ఒడ్డున ఆగింది, దాటలేదు. 2024 మార్చి 8న ఫరూఖ్‌నగర్‌లో మన లైనుకు శంకుస్థాపన చేశారు. దారుల్‌షిఫా, పురానీ హవేలీ, హరిబౌలి, షాలిబండ, అలియాబాద్ మీదుగా. రోడ్డు వెడల్పులో దుకాణాలు పోయేవాళ్లలో కొందరికి పరిహారం చెక్కులు అందాయి. మా పక్కింటి చాచా తాతల నాటి దుకాణం ముందుభాగం అందులో ఉంది. ఆయనకు రైలు మాటెత్తితే బీపీ పెరుగుతుంది. ఆయన ఇంట్లోనే పైఅంతస్తులో అద్దెకున్న కుర్రవాడు గచ్చిబౌలిలో పని చేస్తాడు, రెండు బస్సులు మారి వెళ్తాడు. వాడికి రైలు ఎప్పుడొస్తుందా అని ఆత్రం. ఇద్దరూ ఒకే మెట్ల మీద రోజూ ఎదురుపడతారు. చాచా బాధ ఉత్తది కాదు. కానీ ఆ బి.కాం. అమ్మాయిని "టైముకు ఎట్లా వస్తావు" అని అడిగారే, ఆ ప్రశ్నకు జవాబు ఆ రైలే. ఎవరి వైపు మాట్లాడాలో నాకు ఇప్పటికీ తేలలేదు.

మళ్లీ మన కేంద్రం దగ్గరికి వస్తాను. అత్తాపూర్ వెళ్తే ఆడపిల్లలు ఎందరు వస్తారు? నేను మన హాజరు పుస్తకం తీసి ఒక్కొక్క ఇంటికీ వెళ్లి అడిగాను. సాయంత్రం అయిదింటికి మొదలై ఎనిమిదింటికి ముగిసే క్లాసుకు, నడిచి వెళ్లే దూరం కాబట్టే చాలామంది తండ్రులు పంపుతున్నారు. బస్సెక్కి వెళ్లాలంటే ఇంటర్ పిల్లల్లో కొందరు వస్తారేమో, తొమ్మిది, పది పిల్లలు రారు. దర్జీ కూతురు రాదు. మేస్త్రీ కూతురు రాదు. వాళ్లు మన కేంద్రంలో చేరి ఏడాది కూడా కాలేదు. అత్తాపూర్‌లో కేంద్రానికి మంచి పేరే రావచ్చు, కానీ ఆ పేరు వేరే పిల్లలకు వస్తుంది.

టీచర్లు రారన్న మాట నిజం. దానికి నాకు తోచింది ఒకటే. మన కేంద్రంలో చదివి డిగ్రీ, బి.ఎడ్. చేసిన పిల్లలు ఈ గల్లీల్లోనే ఉన్నారు. వాళ్లను పెట్టుకోండి, జీతం సరిగా ఇవ్వండి. బయటినుంచి వచ్చే టీచరుకు మనం ఇవ్వజూపిన దానిలో సగమే వీళ్లకు ఇస్తామన్నారు పోయిన సమావేశంలో. అది నాకు నచ్చలేదు, అప్పుడూ చెప్పాను. దాతలు చూడటానికి రారన్నది కూడా నిజమే. ఒక పని చేయండి. జిల్‌హజ్ తర్వాత ఏదో ఒక మామూలు మంగళవారం, రంజాన్ కాదు, పండగ కాదు, సాయంత్రం ఆరింటికి రండి. హరిబౌలి దగ్గర ఆటో దిగితే నేనో, మా పిల్లలెవరో ఉంటాం. మోరీ పొంగి ఉంటే చెప్పులు చేత్తో పట్టుకోవాల్సి వస్తుంది, ముందే చెబుతున్నాను.

ఆ బి.కాం. అమ్మాయికి ఉద్యోగం వచ్చింది, మాషా అల్లాహ్. మెహదీపట్నం చిరునామాతోనే వచ్చింది. మొదటి నెల జీతంలోంచి మన కేంద్రానికి రెండు వేలు ఇచ్చింది. రసీదు రాసేటప్పుడు చిరునామా ఏం రాయమంటావని అడిగాను. కాసేపు ఆలోచించి, "షాలిబండే రాయండి టీచర్, ఇది వాళ్లు చూడరు కదా" అంది.

వచ్చే ఆదివారం కమిటీ కూర్చుంటుంది. పిల్లల నోటుపుస్తకాలు ఆ బల్ల మీద పెడతాను. వోటు వేసే ముందు రెండు మూడైనా తిరగేయండి. ఖుదా హాఫిజ్.